ట్రైనీ ఎవరు? బిట్‌బకెట్ నుంచి గిట్‌హబ్‌కి 31 రిపోలు మోసిన నా అనుభవం

రిపో అంటే ఒక ప్రాజెక్టు కోడూ, దానికి చేసిన మార్పుల చరిత్రా ఉండే గూడు. బిట్‌బకెట్, గిట్‌హబ్ ఆ గూళ్లని నెట్‌లో ఉంచే సైట్లు, మెర్క్యురియల్, గిట్ ఆ చరిత్ర రాసిపెట్టే సాఫ్ట్‌వేర్లు. ఈ సైటు మార్చే పని శని, ఆదివారాలు రెండూ గట్టిగా కూర్చుంటే అయిపోతుందనుకున్నాను. 2020 ఫిబ్రవరిలో తలకెత్తుకున్న పని ఆ ఏడు జూలై 6న దిగింది. మధ్యలో లాక్‌డౌన్ వచ్చింది, డాలర్ల లెక్క మారింది, డల్లాస్‌లో ఉన్న స్నేహితుణ్ణి నాలుగు రాత్రులు నిద్రలేపాను. మెర్క్యురియల్ రిపోలు ఇంకా ఏ పాత హార్డ్‌డిస్కులోనో పడి ఉన్నవాళ్లకి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది భీమవరం. ఏడుగురం ఉన్న చిన్న ఆఫీసు. చేపల మేత డీలర్లకి, ఐసు ఫ్యాక్టరీలకి, రొయ్యలు కొనేవాళ్లకి బిల్లింగూ ఖాతాలూ చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసిస్తాం. 2011లో ఇద్దరం మొదలుపెట్టాం, నేనూ మా బావా. బావంటే చుట్టరికం ఏమీ లేదు, బీటెక్‌లో నా పక్కన కూర్చునేవాడు, మా వైపు పిలుపులు అలానే ఉంటాయి. అప్పట్లో గిట్‌హబ్‌లో కోడు నలుగురికీ కనపడకుండా పెట్టుకోవాలంటే నెలకి 7 డాలర్లు, దానికి 5 ప్రైవేట్ రిపోలు. ఆరోది కావాలంటే పెద్ద ప్లాను. బిట్‌బకెట్‌లో లెక్క దీనికి తిరగేసి ఉండేది. 2010లో అట్లాసియన్ అనే కంపెనీ దాన్ని కొన్నాక, ప్రైవేట్ రిపోలు ఎన్నైనా పెట్టుకోండి, ఉచితం, మనుషులు మాత్రం ఐదుగురు దాటకూడదు అన్నారు. మాకు కస్టమర్‌కో రిపో, మనుషులం ఇద్దరం. ఇంక ఆలోచించేదేముంది? మేం చేరేటప్పటికి అక్కడ ఉన్నది మెర్క్యురియల్ ఒక్కటే. గిట్ కూడా పెట్టింది ఆ 2011 అక్టోబర్‌లో. అప్పటికే మెర్క్యురియల్‌ని నడిపే టార్టాయిస్ హెచ్‌జీ అనే సాఫ్ట్‌వేర్‌కి చెయ్యి అలవాటు పడిపోయింది, అది వదిలి ఇది నేర్చుకునే ఓపిక మాకు లేదు.

ఇక్కడే నేను చేసిన ఒక తెలివైన పని చెప్పాలి, ఎందుకంటే ఈ ఐదు నెలల్లో నన్ను ఎక్కువ ఏడిపించింది అదే. 2014లో ఆఫీసులో ఆరో మనిషి చేరాడు. ఆరుగురంటే పదిమంది ప్లాను, నెలకి 10 డాలర్లు, అప్పటి లెక్కలో ఆరువందల పైచిలుకు. ఆ ఆరువందలు మిగుల్చుకోవడానికి ట్రైనీలందరికీ కలిపి ఒకే లాగిన్ ఇచ్చాను. పేరు ‘ట్రైనీ’. కిటికీ పక్కనున్న పాత కంప్యూటర్లో ఆ లాగిన్ పెట్టి, టార్టాయిస్‌లో కమిట్ చేసేవాళ్ల, అంటే మార్పుని చరిత్రలోకి ఎక్కించేవాళ్ల, పేరు అడిగే చోట కూడా ‘ట్రైనీ’ అనే కొట్టేశాను. నిజానికి ఆ రెండిటికీ సంబంధం లేదు. లాగిన్ ఒకటే అయినా కమిట్ మీద ఎవరి పేరు వాళ్లు పెట్టుకోవచ్చు. అది నాకు అప్పుడు తట్టలేదు. ఆరేళ్లపాటు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటే వాళ్లే ట్రైనీ.

మెర్క్యురియల్‌ని ఆపేస్తున్నామని బిట్‌బకెట్ ప్రకటించింది 2019 ఆగస్టు 20న. కొత్తగా చేరేవాళ్లలో మెర్క్యురియల్ ఎంచుకునేవాళ్లు ఒక్క శాతం కూడా లేరని కారణం చెప్పారు. 2020 ఫిబ్రవరి 1 నుంచి కొత్త మెర్క్యురియల్ రిపోలు తెరవనివ్వరు, జూన్ 1కి ఉన్నవి కూడా తీసేస్తారు. మెయిలు నేను సెప్టెంబర్‌లో చూశాను. చూసి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టాను. మన మెయిల్ బాక్సులో నక్షత్రం పెట్టిన వాటి గతి మీకు తెలిసిందే. తొమ్మిది నెలలకి పైగా గడువిచ్చారు కాబట్టి వాళ్లని అనడానికేమీ లేదు. ఫిబ్రవరి మొదటి వారంలో ఆకివీడులో కొత్త కస్టమర్ కోసం రిపో తెరవబోతే మెర్క్యురియల్ అన్న మాటే కనపడలేదు. గుండె జారడమంటే ఏమిటో ఆ నిమిషంలో తెలిసింది. తొమ్మిదేళ్ల పని, 31 రిపోలు, నాలుగు నెలల టైము.

బిట్‌బకెట్‌లోనే గిట్‌కి మార్చుకుని ఉండిపోవచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. మాకూ అనిపించింది. కానీ ఏడుగురం, ఐదుగురి గీత అలాగే ఉంది. ‘ట్రైనీ’ లాగిన్ మళ్లీ పెట్టకూడదని ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. గిట్‌ల్యాబ్ అని ఇలాంటిదే ఇంకో సైటులో అప్పట్లో ప్రైవేట్ రిపోలూ మనుషులూ రెండూ ఉచితమే. అయితే మా దగ్గరికొచ్చే పిల్లలందరికీ కాలేజీలోనే గిట్‌హబ్ ఖాతా ఉంటోంది, వాళ్లకి కొత్తగా చెప్పాల్సింది ఉండదు. అలా గిట్‌హబ్ అనుకున్నాం. 2019 జనవరి 7న వాళ్లు ప్రైవేట్ రిపోలు ఉచితం చేశారు గానీ ఒక్కో రిపోలో బయటివాళ్లు ముగ్గురికి మించకూడదు. ఆఫీసు మొత్తానికి కావాలంటే టీమ్ ప్లాను. మొదటి ఐదుగురికి కలిపి 25 డాలర్లు, ఆపైన మనిషికి 9. ఏడుగురికి 43 డాలర్లు. డాలరు 76 చొప్పున 3,268 రూపాయలు. విదేశీ లావాదేవీకి మా బ్యాంకు వేసే మూడున్నర శాతం, దాని మీద జీఎస్టీ కలిపితే నెలకి 3,400. ఆఫీసు లెక్కలు చూసేది మా ఆవిడే. కాగితం చూసి, “ఏవండీ, తొమ్మిదేళ్లు ఒక్క రూపాయి కట్టలేదు, ఇప్పుడు ఏడాదికి నలభై వేలా?” అంది. కట్టక తప్పదన్నాను. కాసేపు మాట్లాడలేదు.

మార్చి 25న లాక్‌డౌన్. ఆఫీసుకి తాళం. నా ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది గానీ పాత కంప్యూటర్లన్నీ లోపలే.

ఏప్రిల్ 6న డబ్బు కడదామని కూర్చుంటే కార్డు పడలేదు. మూడుసార్లు కొట్టాను. బ్యాంకుకి ఫోన్ చేస్తే 40 నిమిషాలు పాట విన్నాక ఒకమ్మాయి ఎత్తి అసలు సంగతి చెప్పింది. కార్డుల మీద రిజర్వ్ బ్యాంక్ జనవరిలో ఇచ్చిన ఆదేశం మార్చి 16 నుంచి అమల్లోకి వచ్చింది. ఎప్పుడూ విదేశీ సైట్లలో వాడని కార్డుకి ఆ దారి మూసేస్తారు, కావాలంటే మనమే తెరుచుకోవాలి. యాప్‌లో ఒక మీట పక్కకి జరిపితే రెండు నిమిషాల్లో అయింది. ఎవరైనా డాలర్లలో నెలవారీ చందా కట్టబోతుంటే ముందు ఆ మీట చూసుకోండి. సరే, ఇప్పుడు కడదామా అంటే మా ఆవిడ, “కోడు ఇంకా అక్కడికి చేరనే లేదు కదా, చేరాక కట్టండి” అంది. నాకు చిరాకేసింది గానీ మాటలో న్యాయం ఉంది. ఆగాను.

ఏప్రిల్ 15 పొద్దున లేచి ఫోన్ చూస్తే మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. ముందురోజు, ఏప్రిల్ 14న, గిట్‌హబ్ ప్లాన్లు మార్చింది. ప్రైవేట్ రిపోల్లో ఎంతమందైనా ఉండొచ్చు, టీములకి కూడా ఉచితం. కట్టాల్సిన టీమ్ ప్లాను 9 డాలర్ల నుంచి 4కి దిగింది. మా 43 డాలర్లు సున్నా అయ్యాయి. ఆ రోజు మా ఆవిడ మొహంలో ఉన్న వెలుగు నేను చెప్పను. ఇప్పటికీ ఏదైనా కొందామంటే “చేరాక కడదాం” అంటోంది.

సంతోషమే గానీ నాకు లోపల చిన్న అనుమానం కూడా మొదలైంది. 2011లో ఉచితమని ఒకచోట చేరాం, 2020లో ఉచితమని ఇంకోచోటికి పోతున్నాం. ఈసారైనా పోవడానికి దారి తెరిచి ఉంచుకోవాలనుకున్నాను. అందుకే కోడు ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్నదంతా తెచ్చి మా దగ్గర కూడా ఒక కాపీ పెట్టుకోవాలని పట్టుబట్టాను. పని పెరిగింది అందుకే.

మే మొదటి వారంలో మార్పిడి మొదలుపెట్టాను. లాక్‌డౌన్ వల్ల గడువు జూన్ 1 నుంచి జూలై 1కి జరిపారు, ఊపిరి పీల్చుకున్నాను. లింకు ఇస్తే మెర్క్యురియల్ రిపోని తనే లాక్కునే ఇంపోర్టర్ అప్పట్లో గిట్‌హబ్‌లో ఉండేది. రెండు చిన్న రిపోలు దాంతోనే తెచ్చాను, ఏ గొడవా లేదు. మిగతావాటికి పేర్లు సరిచెయ్యాలి కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుని, హెచ్‌జీ ఫాస్ట్ ఎక్స్‌పోర్ట్ అనే స్క్రిప్టు పట్టుకున్నాను. ఉచితమే, వాడటం కూడా తేలికే. ఖాళీ గిట్ ఫోల్డర్ తెరిచి, లోపల నిలబడి, పాత రిపో ఎక్కడుందో చెబితే చాలు.

మొదటి రిపో కొట్టగానే ఎర్రగా తిట్టింది: పేరులేని హెడ్ (చరిత్ర చివరి కొస) ఒకటుంది, నేను చెయ్యను అని. మెర్క్యురియల్‌లో ఇద్దరు ఒకే చోటి నుంచి విడివిడిగా కమిట్ చేసి, కలపకుండా వదిలేసినా ఆ రెండు కొసలూ అలాగే బతికుంటాయి, పేరుతో పనిలేదు. గిట్‌లో ప్రతి కొసకీ పేరుండాలి. 2013లో మా బావ ఏదో ప్రయోగం చేసి కలపకుండా వదిలేసిన కొస అది. తొమ్మిది రిపోల్లో ఇలాంటివి ఉన్నాయి. ఒక్కొక్కటీ తెరిచి, ఇది కలపాలా మూసెయ్యాలా అని చూసుకుంటూ పోయాను. బలవంతంగా చేసెయ్యమనే ఆప్షన్ ఒకటుంది గానీ, ఏం పోతుందో తెలియకుండా బలవంతం చెయ్యబుద్ధి కాలేదు.

అది దాటాక ఇంకో భయం. మార్పిడి అంతా సవ్యంగా అయిందని రాసింది, ఫోల్డర్ తెరిస్తే ఖాళీ. ఒక్క ఫైలు లేదు. స్టేటస్ కొడితే ఫైళ్లన్నీ తీసేసినట్టు చూపిస్తోంది. అర్ధరాత్రి పన్నెండున్నర. చేతులు చల్లబడ్డాయి. గంటసేపు ఏవేవో చదివాక తెలిసింది, ఆ స్క్రిప్టు చరిత్రనే రాస్తుంది, ఫైళ్లని బయటికి తీసి పెట్టదు. గిట్ చెకౌట్ హెడ్ అని ఒక్క ముక్క కొడితే అన్నీ వచ్చి కూర్చున్నాయి. ఆ స్క్రిప్టుతో పాటు వచ్చే కాగితంలో ఆ సంగతి రాసే ఉంది. నేనే చదవలేదు.

వచ్చింది పాతదీ ఒకటేనా అని చూడటానికి రెండు వైపులా చివరి కాపీ విడి ఫోల్డర్లలోకి తీసి విన్‌మెర్జ్‌తో పోల్చాను. ప్రతి రిపోకీ చేశాను. విసుగు పని, కానీ ఇది మానొద్దు. ఒక రిపోలో ఫైళ్లన్నీ తేడా అని చూపించింది. తీరా చూస్తే లైను చివర విండోస్ పెట్టే గుర్తుకీ ఉబుంటు గుర్తుకీ తేడా, అంతే.

పదో రిపో దగ్గర గిట్‌హబ్ తలుపు మూసింది. 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోను అంది.  అంత బరువు ఫైలు ఎక్కడిదా అని తవ్వితే 2015లో ఎవరో, అంటే ‘ట్రైనీ’, ఒక మేత డీలరు డేటాబేస్ బ్యాకప్ 180 ఎంబీ ఫైలు కమిట్ చేసి, తర్వాతి కమిట్‌లో తీసేశారు. తీసేస్తే పోదు కదా, చరిత్రలో ఉంటుంది. అంటే ఆ డీలరుగారి అప్పు ఖాతాలు, రైతుల ఫోన్ నంబర్లు అయిదేళ్లుగా మా రిపోలో ఉన్నాయి. ప్రైవేటే కాబట్టి సరిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మెర్క్యురియల్‌లోనే కన్వర్ట్ అనే పొడిగింపు ఉంది, ఫలానా ఫైలు వదిలెయ్ అని ఒక చిన్న ఫైల్లో రాసిస్తే అది లేకుండా చరిత్ర మొత్తం మళ్లీ రాస్తుంది. అలా చేశాక రిపో 90 ఎంబీకి దిగింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఎక్కించేవాడికి ఇది ఎంత ఊరటో చెప్పలేను. అప్పటికే అదనపు డేటా కోసం 450 రూపాయలు పోశాను.

ఇక పేర్లు. పాత రిపోలో ఉన్న ప్రతి పేరుకీ గిట్‌లో ఏ పేరు, ఏ మెయిలు వేయాలో ఒక ఫైల్లో రాసివ్వాలి. మా రిపోలన్నిట్లో కలిపి 23 పేర్లు దొరికాయి. ఏడుగురమే కదా! నేనొక్కణ్ణే ఆరు పేర్లతో ఉన్నాను, ల్యాప్‌టాప్ మార్చినప్పుడల్లా ఒకటి. ‘అడ్మిన్’ అని ఒకరు, ‘యూజర్’ అని ఒకరు, ‘హెచ్‌పీ’ అని ఒకరు. హెచ్‌పీ అంటే ఎవరో పేరనుకునేరు, అది కంప్యూటర్ కంపెనీ, విండోస్‌లో అలా వదిలేశాడు. వాణ్ణి రెండు రోజుల్లో పట్టుకున్నాం. ‘ట్రైనీ’ మాత్రం 1,900 కమిట్లు. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మే నెలాఖరుకి కోడు వచ్చేసింది. ఇష్యూలు రాలేదు. ఫోన్లో కస్టమర్లు చెప్పిన ప్రతి ఇబ్బందీ మేం ఇష్యూ ట్రాకర్‌లోనే రాసుకుంటాం. మా అసలు జ్ఞాపకం అదే. రిపో పోతే దాంతోపాటు అదీ పోతుంది. సెట్టింగుల్లోకి వెళ్లి ఎక్స్‌పోర్ట్ నొక్కితే జిప్ ఫైలు ఇచ్చేది, కాకపోతే రిపో మీద అడ్మిన్ హక్కు ఉండాలి. మా మొట్టమొదటి నాలుగు రిపోలు బావ సొంత ఖాతాలో ఉన్నాయి. బావ 2013లో అమెరికా వెళ్లిపోయాడు. మాకు కోడు రాసే హక్కు ఉంది, అడ్మిన్ లేదు. ఏడేళ్లుగా ఆ తేడా మాకు తెలియనే తెలియదు.

“ఏరా బావా, బిట్‌బకెట్ పాస్‌వర్డ్ గుర్తుందా?”

“అదేంట్రా?”

అంతే గుర్తుంది పెద్దమనిషికి. ఖాతా తెరిచిన మెయిలు కాలేజీ రోజుల నాటిది, దాని పాస్‌వర్డూ లేదు. ఆ మెయిలు తిరిగి తెరవాలంటే పాత ఫోన్ నంబరుకి ఓటీపీ వెళ్తుంది. ఆ నంబరు ఇప్పుడు వాళ్ల నాన్నగారి దగ్గర, వీరవాసరంలో. ఆయనకి 71 ఏళ్లు. నేను భీమవరంలో, బావ డల్లాస్‌లో, ఫోను వీరవాసరంలో. ముగ్గురం ఒకేసారి కూర్చోవాలి, అక్కడ పొద్దున్న అయితే ఇక్కడ రాత్రి, బాబాయిగారు తొమ్మిదింటికే పడుకుంటారు. మూడు ప్రయత్నాలు పోయాయి. ఒకసారి ఓటీపీ వచ్చింది గానీ ఆయన కళ్లజోడు వెతుక్కునేసరికి టైం దాటింది. నాలుగోసారి, జూన్ 4న, బాబాయిగారు ఆరంకెలూ ఒక్కొక్కటీ వత్తి పలికారు, రిజర్వేషన్ కౌంటర్లో పీఎన్ఆర్ చదివినట్టు. లోపలికి వెళ్లగానే బావ నాలుగు రిపోలకీ నన్ను అడ్మిన్ చేశాడు. “ఇన్నేళ్లకి మళ్లీ కలిసి పనిచేశాం రా” అన్నాడు. వాడక్కడ ఆఫీసుకి లేటయ్యాడు కూడా.

ఇష్యూలు మొత్తం 640. వాటిని గిట్‌హబ్‌లోకి ఎక్కించడానికి చిన్న పైథాన్ స్క్రిప్టు రాశాం. ఒకదాని వెంట ఒకటి గబగబా పంపకూడదు, మధ్యలో సెకనైనా ఆగాలని వాళ్ల పత్రాల్లోనే ఉంది, రెండు సెకన్లు పెట్టాం. రాత్రి పదింటికి వదిలి పడుకున్నాను. నేను మర్చిపోయిందేమిటంటే, ఆ రిపోలన్నిటినీ ఏడుగురం ఫాలో అవుతున్నాం. ఒక్కో ఇష్యూకి అందరికీ ఒక్కో మెయిలు. పొద్దున్నకి ఒక్కొక్కరికీ 640 మెయిళ్లు. “సార్, రాత్రికి రాత్రి ఇన్ని కంప్లయింట్లేంటి సార్” అని మా టెస్టింగ్ అమ్మాయి కంగారుగా ఫోన్ చేసింది. ఎక్కించేముందు ఆ మెయిళ్లు ఆపుకోండి. ఇంకోటి, ఎక్కాక ఇష్యూలన్నీ నా పేరు మీద, ఆ రోజు తేదీతో కనపడతాయి. అసలు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ప్రతిదాని పైన మొదటి లైనుగా మేమే చేర్చాం.

ఆ ఇష్యూల్లో ఒక చిక్కు మిగిలింది. “ఇది 412లో సరిచేశాం” అని రాసుకున్నవి వందలు. టార్టాయిస్‌లో ప్రతి కమిట్‌కీ వరస నంబరు కనపడుతుంది, మాకు అదే అలవాటు. గిట్‌లో వరస నంబర్లు ఉండవు, అంకెలూ అక్షరాలూ కలిసిన పొడుగాటి గుర్తు, హ్యాష్, ఒక్కటే, అది కూడా మార్పిడిలో కొత్తది వస్తుంది. అందుకని ప్రతి పాత రిపో నుంచీ నంబరు, తేదీ, కమిట్ మాట మూడూ ఒక టెక్స్ట్ ఫైల్లోకి దింపి కొత్త రిపోలో పెట్టేశాం. 412 ఏమిటో కావాలంటే అక్కడ వెతికి, తేదీ పట్టుకుని గిట్‌లో చూడాలి. వరస నంబరు ఒక్కో కంప్యూటర్లో ఒక్కోలా ఉండొచ్చన్నది నాకు అప్పుడే తెలిసింది. ఎవరి 412 ఎవరిదో ఆ పైవాడికే తెలియాలి. నా ల్యాప్‌టాప్‌లోదే ప్రమాణం అనుకున్నాం.

జూన్ 8 నుంచి అందరం గిట్‌లోనే. మూడోరోజే దెబ్బ తగిలింది. మా దగ్గర ఎనిమిదేళ్లుగా ఉన్న కుర్రాడు, మెర్క్యురియల్‌లో దిట్ట, పుష్ (తన కమిట్లు సైటుకి ఎక్కించడం) కుదరట్లేదని మైనస్ ఎఫ్, అంటే బలవంతంగా చెయ్యమని, పెట్టి కొట్టాడు. మెర్క్యురియల్‌లో ఫోర్స్ పుష్ అంటే ఇంకో కొస పెరుగుతుంది, అవతలివాళ్ల పనికి ఏమీ కాదు, తర్వాత కలుపుకోవచ్చు. గిట్‌లో అదే మైనస్ ఎఫ్, ఉన్నదాన్ని పక్కకి నెట్టి మనది కూర్చోబెడుతుంది. టెస్టింగ్ అమ్మాయి రెండు రోజుల పని మాస్టర్ బ్రాంచి (అందరి కోడూ కలిసే అసలు శాఖ) నుంచి మాయమైంది. ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కాపీ ఉంది కాబట్టి పావుగంటలో తిరిగి ఎక్కించాం. కుర్రాడు మాత్రం ఆ పూట అన్నం తినలేదు. తప్పు వాడిది కాదు, ఆ తేడా చెప్పని నాది. మాస్టర్ బ్రాంచికి కాపలా పెట్టే సదుపాయం ప్రైవేట్ రిపోలకి ఉచిత ప్లాన్లో లేదని చదివే చేరాం. 4 డాలర్ల ప్లానుకి పోతే ఏడుగురికీ 28 డాలర్లు, సుమారు 2,200. పోవాలా అన్నది ఇంకా తేల్చలేదు. ప్రస్తుతానికి రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు కంప్యూటర్ రిపోలన్నిటినీ తేదీ వేసి ఒక్కో బండిల్ ఫైలుగా దాస్తోంది. దానికోసం కొన్న హార్డ్‌డిస్కు 3,900. మొత్తం ఈ వ్యవహారంలో చేతినుంచి పోయింది అదీ, ఆ డేటా 450. మిగతాదంతా నా రాత్రుళ్లు.

ఇప్పుడు ట్రైనీ సంగతి. 1,900 కమిట్లనీ ‘ట్రైనీ’ అనే వదిలేద్దామనుకున్నాను, ఎవడు చూస్తాడు అని. ఆఫీసు తెరిచాక ఒకరోజు బీరువాలో స్టైపెండ్ వోచర్ల పుస్తకం కంటపడింది. ప్రతి ట్రైనీ చేరిన తేదీ, మానేసిన తేదీ, సంతకం. తొమ్మిదిమంది. ఒకేసారి ఇద్దరు ఉన్నది తక్కువ. తేదీని బట్టి కమిట్ పేరు మార్చడం గిట్‌లో ఫిల్టర్ బ్రాంచి అనే ఆదేశంతో కుదురుతుంది. జూన్ చివరి వారమంతా వోచర్ పుస్తకం పక్కన పెట్టుకుని అదే పని. 2014 జూలై నుంచి 2015 జనవరి దాకా ఫలానా, ఫిబ్రవరి నుంచి ఫలానా. 180 ఎంబీ బ్యాకప్ ఎవరిదో కూడా తేలింది, ఆ పేరు నాతోనే ఉంటుంది. ఒక్కొక్కళ్లకీ ఫోన్ చేసి ఇప్పుడు వాడే మెయిలు అడిగాను. ఒకడు హైదరాబాద్‌లో ఉన్నాడు, ఒకమ్మాయి బెంగళూరులో, ఇద్దరు ఆస్ట్రేలియాలో, ఒకడు ఉండిలో మేత వ్యాపారం చేస్తున్నాడు, మా సాఫ్ట్‌వేరే వాడుతున్నాడు. తను రాసిన స్క్రీనే తను వాడుతున్నానని ఆ ఫోన్‌తోనే గుర్తుచేసుకున్నాడు. “నా పేరు ఎక్కిందా అండి?” అని రెండుసార్లు అడిగాడు.

జూలై 1న పాత రిపోలు చదువుకోవడానికి మాత్రమే అయ్యాయి, 8 తర్వాత అదీ ఉండదన్నారు. 6న చివరిది పోల్చి చూసి పక్కన పెట్టాను.

ఒక్కటే తేలలేదు. 2017 మే నుంచి ఆగస్టు దాకా ఆ కుర్చీలో ఇద్దరు ఉన్నారు, పొద్దున ఒకడు, మధ్యాహ్నం ఒకడు, అదీ కచ్చితంగా కాదు. 143 కమిట్లు. వాటిల్లో ఐసు దిమ్మ కరుగు లెక్క ఉంది, ఫ్యాక్టరీ నుంచి రేవుకి వెళ్లేలోపు ఎంత కరిగిందో పట్టుకుని బిల్లు సరిచేసేది, మా కస్టమర్లందరికీ ఇష్టమైన ముక్క. ఇద్దరికీ ఫోన్ చేశాను. “కరుగు లెక్క నాదే సార్, మిగతావి వాడివి” అన్నాడు మొదటివాడు. రెండోవాడు కాసేపు ఆలోచించి, “కరుగు లెక్క నాదే సార్, మిగతావి వాడివి” అన్నాడు. ఆ 143 ఇంకా ట్రైనీ పేరు మీదే ఉన్నాయి.